జమైకాకీ 6, మనకీ 6: మన దగ్గర ఆటలు ఎందుకు నాటుకోవట్లేదు?

గోదారి_గట్టు
పారిస్ 2024 పతకాల పట్టిక మళ్ళీ తిరగేశా. జమైకాకి 6: ఒక స్వర్ణం, మూడు రజతాలు, రెండు కాంస్యాలు. మనకీ 6: ఒక రజతం, అయిదు కాంస్యాలు. వాళ్ళ జనాభా 30 లక్షల లోపు, అంటే హైదరాబాద్‌లో మూడో వంతు కూడా లేదు. పోనీ డబ్బున్న దేశమా అంటే అదీ కాదు. కాబట్టి "పేద దేశం, ఏం చేస్తాం" అన్న జవాబు నాకు ఎక్కట్లేదు. "క్రికెట్ తినేసింది", "మన ఒంటి తత్వమే అంత", "తల్లిదండ్రుల మైండ్‌సెట్" అనే మూడు పాత పాటలూ పక్కన పెట్టి చెప్పండి. బడి గ్రౌండు నుంచి పైకి వెళ్ళే దారి సరిగ్గా ఎక్కడ తెగుతోంది? పీఈటీలు (వ్యాయామ టీచర్లు), కోచ్‌లు, రెఫరీలు ఇక్కడ చాలామందే ఉన్నారు. కొలతలతో సహా రాయండి.

బెజవాడ_స్మాషర్
ఆ మూడూ పక్కన పెడితే మన జనానికి మాట్లాడ్డానికి ఇంకేం మిగిలింది అన్నా.

పీఈటీ_సారు
తెగేది మొదటి మెట్టు దగ్గరే. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్ చూడండి. బడికి ఆటస్థలం ఉండాలి అని ఉంది, ఎంత ఉండాలో లేదు. పది సెంట్ల వాకిలి చూపించినా లెక్క సరిపోతుంది. 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటేనే వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్. వందకి తక్కువైతే చట్టం అడగదు.

ఇక పీఈటీ ఉన్న బడి సంగతి. ప్రార్థన వరసలు, క్రమశిక్షణ, మధ్యాహ్న భోజనం దగ్గర కాపలా, పరీక్షల డ్యూటీ, ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ క్లాసు. ఆటల పీరియడ్ ఎప్పుడూ చివరి పీరియడే. దసరా దాటాక పదో తరగతికి అది స్పెషల్ క్లాసు అయిపోతుంది.

ఉన్న ఆ 45 నిమిషాల్లో ఏం జరుగుతుందో కూడా చూడండి. క్లాసు నుంచి రావడం, వరస, హాజరు కలిపి 10 నిమిషాలు. మిగిలిన 35 నిమిషాల్లో 45 మందికి ఒక వాలీబాల్. 12 మంది ఆడతారు, 33 మంది గట్టు మీద కూర్చుని చూస్తారు. ఆ 12 మందీ ప్రతి వారం వాళ్ళే. మిగతా 33 మందికి "నాకు ఆటలు రావు" అని పన్నెండేళ్ళకే ముద్ర పడిపోతుంది. పిల్లల్ని నాలుగు గుంపులు చేసి, ఎనిమిదేసి నిమిషాలకి మారుస్తూ, ఒకచోట తాడు, ఒకచోట రిలే, ఒకచోట బంతి విసురు, ఒకచోట ఖోఖో కూర్చోవడం-లేవడం పెడితే బంతి ఒక్కటున్నా అందరూ కదులుతారు. బీపీఈడీలో, అంటే వ్యాయామ విద్య డిగ్రీలో, ఇదంతా నేర్పుతారు. బడిలో ఎవరూ అడగరు కాబట్టి వాడకం పోతుంది.

నల్లరేగడి
పీఈటీ సారు చెప్పింది సరే, కానీ అసలు నేల సంగతి ఎవరూ ఎత్తరు. మన జిల్లాల్లో చాలా బడులు నల్లరేగడి మీదున్నాయి. వానకి ఉబ్బుతుంది, ఎండకి చీలుతుంది. బెత్తెడు నెర్రెలో మడమ పడితే ఆ ఏడాదికి ఆ పిల్లాడి ఆట అయిపోయినట్టే. బడి పోటీలు ఉండేదేమో వానాకాలంలో.

బాగుచేసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. పైన ఆరంగుళాల రేగడి తీసెయ్యాలి. మొరం మూడేసి అంగుళాల చొప్పున రెండు పొరలుగా పోసి, ఒక్కో పొర తడిపి రోలర్ తొక్కించాలి. ఆరంగుళాలూ ఒకేసారి పోసి తొక్కిస్తే పైన గట్టిగా, లోపల గుల్లగా ఉండి మొదటి వానకే గుంటలు పడతాయి. దాని మీద జల్లెడ పట్టిన ఎర్రమట్టి రెండంగుళాలు. నడిమి నుంచి అంచులకి వందకి ఒకటి వాలు, చుట్టూ అడుగు వెడల్పు కాలువ.

ఎకరం మొత్తం ఇలా చెయ్యాలంటే మొరమే దాదాపు 250 ట్రాక్టర్లు. ఏ సర్పంచూ పొయ్యడు. అదే ఒక్క కబడ్డీ కోర్టు, చుట్టూ రెండేసి మీటర్ల జాగాతో, అంటే 17 మీటర్లు 14 మీటర్లు అయితే పదిహేను ట్రాక్టర్లు చాలు. అది ఊరు చందా వేసుకుని చెయ్యగలిగిన పని. మనవాళ్ళు మొత్తం గ్రౌండుకి ఎస్టిమేటు వేసి, నిధులు రాలేదని పదేళ్ళు కూర్చుంటారు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం మన జిల్లా స్టేడియం కన్నా పెద్దది.

బెజవాడ_స్మాషర్
బాబాయ్ వచ్చేశాడు. ఇంకో పోస్టులో అక్కడి పాల ధర చెప్తాడు.

డల్లాస్_బాబాయ్
వెక్కిరించకు అబ్బాయ్, పనికొచ్చేది చెప్తున్నా. ఇక్కడ అసలు తేడా స్టేడియం కాదు. ఏడాదిని సీజన్లుగా కోసేస్తారు: ఒక ఆటకి మూడు నెలలు, తర్వాత ఇంకోటి. సీజన్ మొదలయ్యే ముందు డాక్టరు సంతకం చేసిన ఫిజికల్ ఫారం ఇవ్వకపోతే గ్రౌండులోకి రానివ్వరు. కోచ్ సాధారణంగా అదే బడిలో పాఠం చెప్పే టీచరు, కోచింగ్‌కి వేరే భత్యం ఉంటుంది. పిల్లలు తేదీలతో సహా షెడ్యూల్ ఫ్రిజ్ మీద అంటించుకుంటారు. ఓడినా వచ్చే వారం మ్యాచ్ ఉంటుంది.

రెఫరీ_విజిల్
బాబాయ్ ఆఖరి వాక్యంలోనే ఉంది అసలు విషయం. మన దగ్గర ఓడితే వచ్చే వారం మ్యాచ్ లేదు. వచ్చే ఏడాది ఉంటుంది.

మండల స్థాయి పోటీలు నాకౌట్. 16 బడులు వచ్చాయనుకోండి. మొత్తం 15 మ్యాచ్‌లు. 8 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి, సాంబారన్నం తిని, ఆటో ఎక్కి ఇంటికెళ్తాయి. ఆ పిల్లలకి ఆ ఏడాది పోటీ ఆట అంటే అరగంట. దీన్ని క్రీడా సంస్కృతి అనమంటే ఎలా? అదే 16 బడుల్ని నాలుగు గ్రూపులు చేసి లీగ్ ఆడిస్తే గ్రూపుకి 6 చొప్పున 24 మ్యాచ్‌లు, సెమీస్, ఫైనల్ కలిపి 27. ప్రతి జట్టుకీ కనీసం మూడు.

ఎందుకు చెయ్యరో కూడా చెప్తా. పోటీల అసలు ఉద్దేశం పిల్లల్ని ఆడించడం కాదు, జిల్లాకి పంపాల్సిన జట్టు పేర్లు రెండ్రోజుల్లో తేల్చి లిస్టు పంపడం. సెలక్షన్ అనే పనికి నాకౌట్ చాలు. ఆట అనే పనికి చాలదు.

పాలమూరు_పరుగు
రెఫరీ అన్న సరిగ్గ పట్టిండు. జమైకా ముచ్చట గూడ గదే. ఆడ బడి పిల్లల అథ్లెటిక్స్ మీట్ ఉంటది, చాంప్స్ అంటరు. 1910 నుంచి నడుస్తున్నది. అయిదు రోజులు, కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియం నిండిపోతది. వయసుల వారీగ క్లాసులు, ప్రతి పాయింటు బడి ఖాతాల పడతది. గందుకే ఆరో స్థానంల వచ్చినోని కోసం గూడ బడి మొత్తం అరుస్తది. మన దగ్గర నాలుగో స్థానం వచ్చినోని పేరు ఎవ్వరు రాసుకోరు.

ఇంకొకటి. వాళ్ళ బడులు ఎక్కువ శాతం గడ్డి ట్రాకు మీదనే ఉరుకుతయి. సింథటిక్ కోసం ఆగలే. వాళ్ళు కట్టింది మనుషుల్ని. క్యూబా సాయంతోని 1980ల జీసీ ఫోస్టర్ కాలేజి పెట్టిన్రు, వ్యాయామ టీచర్లను, కోచ్‌లను తయారు చేసేటందుకే. అక్కడ చదివినోళ్ళు దేశం మొత్తం బడులల్ల ఉన్నరు. మనం ఉల్టా చేస్తం. ముందు సింథటిక్ ట్రాకు, దానికి ఫెన్సింగు, దానికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ తాన.

లెక్కల_లక్ష్మి
గడ్డి ట్రాకు మాట వచ్చింది కాబట్టి. 400 మీటర్ల ట్రాకు ఎనిమిది లేన్లతో వెయ్యాలంటే 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి, నాలుగెకరాల పైమాటే. అంత జాగా చాలా బడులకి లేదు, దాంతో ట్రాకే వద్దనుకుంటారు. 200 మీటర్లది నాలుగు లేన్లతో ఎకరం ఏడు సెంట్లలో పడుతుంది. లెక్క ఇదిగో:

లోపలి గీత వ్యాసార్ధం 18 మీటర్లు. రాతి అంచు లేని ట్రాకులో పరుగు కొలత గీతకి 20 సెంటీమీటర్లు బయట, అంటే 18.20 దగ్గర తీసుకోవాలి. రెండు వంపులూ కలిపి 114.35 మీటర్లు. మిగిలిన 85.65ని రెండుగా చేస్తే ఒక్కో తిన్నని వైపు 42.82. లేను వెడల్పు 1.22. మొత్తం 88.6 మీటర్ల పొడవు, 45.8 వెడల్పు. చుట్టూ మీటరు వదలండి.

రెండు గూటాలు, ఒక నైలాన్ తాడు, 50 మీటర్ల టేపు, ముగ్గు పిండి ఉంటే ఒక పూట పని. తాడు సాగకూడదు, సాగితే వంపు గుడ్డు ఆకారంలో వస్తుంది. కాల్చిన సున్నం మాత్రం వాడకండి, పడ్డప్పుడు కళ్ళలో పోతే చూపే దెబ్బతింటుంది. 100 మీటర్ల పరుగు దీనిలో ఇమడదు. దానికి పక్కన 120 మీటర్ల తిన్నని పట్టీ వేరే చూసుకోవాలి.

మూడో_లేన్
లక్ష్మి గారూ, స్టార్టింగ్ తేడాలు, అంటే బయటి లేన్ల వాళ్ళు ఎన్ని మీటర్లు ముందు నిలబడాలో కూడా రాయాల్సింది. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. పుస్తకంలో ఉన్న 7.04 చూసి రెండో లేన్‌కి అదే పెడతారు. అది లోపల ఎత్తు అంచు ఉన్న ట్రాకుకి, అక్కడ మొదటి లేను 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తారు కాబట్టి. ముగ్గు గీత ట్రాకులో ఒక పూర్తి చుట్టుకి రెండో లేను 7.67, మూడోది 15.33, నాలుగోది 23 మీటర్లు ముందుకి. వ్యాసార్ధం ఎంతైనా ఈ అంకెలు మారవు.

లెక్కల_లక్ష్మి
మూడో లేన్ గారికి నమస్కారం. అవును, తేడా లేను వెడల్పు మీదే ఆధారపడుతుంది.

బెజవాడ_స్మాషర్
ఇది క్రీడల థ్రెడ్డా, ఎప్‌సెట్ కోచింగా?

షటిల్_ఈక
అందరూ బడి బడి అంటున్నారు. పతకాలు తెచ్చింది బడులు కాదు, అకాడమీలు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టోర్నీ గెలిచారు, 2008లో గచ్చిబౌలి అకాడమీ మొదలైంది, 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం, 2019లో ప్రపంచ చాంపియన్. ఒక మనిషి, ఒక చోటు, రోజుకి ఆరేడు గంటల సాధన. దేశమంతా మారేదాకా ఆగితే ఇవేవీ వచ్చేవి కావు. 2025-26 బడ్జెట్లో కేంద్రం యువజన వ్యవహారాలకీ, క్రీడలకీ కలిపి ఇచ్చింది 3,794 కోట్లు. 140 కోట్ల మందికి పంచితే తలకి 27 రూపాయలు. ఆ డబ్బు అందరి మీదా చల్లితే ఎవరికీ తడవదు.

రెఫరీ_విజిల్
ఈక గారూ, పతకం వేరు, ఆట అలవాటు వేరు. అకాడమీకి వెళ్ళే పిల్లని ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలిగా. సింధు తల్లిదండ్రులిద్దరూ జాతీయ స్థాయి వాలీబాల్ ఆటగాళ్ళు, రైల్వేలో ఉద్యోగులు. ఇల్లే మొదటి అకాడమీ. అలాంటి ఇల్లు లేని పిల్లని ఎవరు చూస్తారు?

షటిల్_ఈక
దానికి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ లాంటివి ఉన్నాయిగా. నాలుగో తరగతికే పరీక్ష పెట్టి తీసుకుంటారు: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలబడి దూకే లాంగ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసురు, 6×10 షటిల్ రన్ (పది మీటర్ల దూరం ఆరుసార్లు అటూ ఇటూ పరుగు), 800 మీటర్లు.

పీఈటీ_సారు
ఆ పరీక్షల్లో చిక్కు ఉంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో ఆర్నెల్లు పెద్దయిన పిల్లాడు ప్రతి అంశంలో ముందుంటాడు, ప్రతిభ ఉన్నా లేకపోయినా. దానికి తోడు సాధన చేయించి తెచ్చిన పిల్లకీ, మొదటిసారి గీత మీద నిలబడ్డ పిల్లకీ తేడా కొలిచే మార్గం అందులో లేదు. నెల రోజులు 6×10 మలుపులు తిప్పితే ఎవరికైనా టైము తగ్గుతుంది.

బెజవాడ_స్మాషర్
నేను ఈక గారి వైపు. చాంపియన్ వస్తేనే కోర్టులు వస్తాయి. ఇప్పుడు విజయవాడలో, హైదరాబాద్‌లో పొద్దున అయిదింటికి చెక్క కోర్టులు ఖాళీ లేవు.

అమ్మాయిల_కోచ్
ఆ కోర్టులో గంటకి అద్దె ఎవరు కడుతున్నారో కూడా చూడండి స్మాషర్ గారూ. నలభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ వాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఈక షటిల్‌కి పదహారు ఈకలు, గట్టిగా రెండు స్మాష్‌లు తగిలితే ఒకటి విరుగుతుంది. సీరియస్‌గా సాధన చేసే పిల్లకి రోజూ కొత్త షటిళ్ళు కావాలి. షటిళ్ళు, కోర్టు, కోచ్ ఫీజు, నాలుగు నెలలకో జత బూట్లు కలిపితే కౌలు రైతు ఇంట్లో అది జరిగే పని కాదు. బాడ్మింటన్ మన పతకాల ఆట, కానీ మన ఊరి ఆట ఇంకా కాలేదు.

ఇక ఎవరూ ముట్టని సంగతి: అమ్మాయిలు. ఆరో తరగతిలో ఖోఖోకి ముప్పై మంది లేస్తారు. తొమ్మిదికి వచ్చేసరికి జట్టుకి పన్నెండు మంది దొరకరు. కారణాలు చిన్నచిన్నవి, అన్నీ కలిసి ఆట మాన్పిస్తాయి. బట్టలు మార్చుకునే గది లేదు. యూనిఫాం మీదే ఆడి, చెమటతో మిగతా క్లాసుల్లో కూర్చోవాలి. నెలసరి రోజుల్లో బాత్రూంలో నీళ్ళుండవు. సాధన సాయంత్రం అయిదున్నరకి అయితే ఊరి ఆఖరి బస్సు అయిదుంపావుకి వెళ్ళిపోతుంది. చెయ్యాల్సింది: సాధన పొద్దున బడికి గంట ముందుకి మార్చాలి, ట్రాక్ ప్యాంటు రంగు ముదురుగా ఉండాలి, ఒక గదికి లోపలి గడియ, రెండు బకెట్లు పెట్టాలి. జట్టుతో పాటు మహిళా టీచరు ప్రయాణం చెయ్యకపోతే జిల్లా పోటీలకి తండ్రులు సంతకం పెట్టరు. ఇందులో సింథటిక్ ఏమీ లేదు.

ఐరన్_మాత్ర
కోచ్ మేడం జాబితాకి ఒకటి కలుపుతున్నా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువున్న పిల్లని 800 మీటర్లు ఉరకమంటే రెండో చుట్టులో ఆగిపోతుంది, పీఈటీ "బద్ధకం" అంటాడు. హిమోగ్లోబిన్ చూడకుండా దమ్ము గురించి మాట్లాడకూడదు.

బడిలో వారానికో నీలం మాత్ర ఇస్తారు కదా, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఖాళీ కడుపున ఇస్తే వాంతి వస్తుంది, తర్వాత పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. భోజనం అయ్యాక ఇవ్వాలి. దాంతో టీ తాగకూడదు, నిమ్మకాయ పిండిన అన్నమో జామకాయో అయితే ఇనుము బాగా ఒంటపడుతుంది. ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ వెయ్యకపోతే పోసిందంతా నులిపురుగులకే.

తిండి లెక్క కూడా చూడండి. మధ్యాహ్న భోజనం నిబంధన 6-8 తరగతులకి 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. అది కూర్చుని చదివే పిల్లకి ఒక పూట భోజనం. పొద్దున గంటన్నర సాధన చేసే పిల్లకి ఆట అయిన వెంటనే ఇంకో 300 కేలరీలు కావాలి. గుప్పెడు పల్లీలు, బెల్లం, ఒక అరటిపండు, ఒక గుడ్డు చాలు. చాలా చోట్ల సాధన మొదలుపెట్టిన నెలకి పిల్లలు బరువు తగ్గుతారు. అప్పుడు అమ్మ వచ్చి "ఆటలకి పోయి చిక్కిపోయింది" అని మాన్పిస్తుంది. ఆ తల్లి చెప్పేది నిజమే!

స్టడీ_అవర్
పదో తరగతి దాకా మీరు చెప్పినవన్నీ బాగుచేశారనుకోండి. తర్వాత? రెండు తెలుగు రాష్ట్రాలకీ ప్రత్యేకమైన గోడ ఒకటుంది: రెసిడెన్షియల్ ఇంటర్. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగు, అయిదు అంతస్తులు, గ్రౌండు లేదు. తెల్లారుజాము నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్. 15 నుంచి 17 ఏళ్ళు. స్ప్రింటర్‌కైనా, కబడ్డీ రెయిడర్‌కైనా కండ పట్టే వయసు అదే. ఆ రెండేళ్ళు కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ట్రాకు ఎక్కడం చాలా కష్టం. అండర్-17 జట్టులో ఉన్న పిల్లలు అండర్-19 లిస్టులో ఎంతమంది మిగిలారో మీ జిల్లాలో పోల్చి చూడండి.

హర్యానాలో అది లేదు. పారిస్‌కి వెళ్ళిన 117 మంది మన క్రీడాకారుల్లో 24 మంది హర్యానా వాళ్ళు. అక్కడ కుస్తీ పట్టే కుర్రాడికి పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో కళ్ళెదుట కనిపిస్తుంది. ఇక్కడ ఆ వయసు పిల్లాడికి కనిపించేది ర్యాంకు.

గోదారి_గట్టు
మనకీ స్పోర్ట్స్ కోటా ఉందిగా? తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం అంటారు, ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం.

పీఈటీ_సారు
ఉంది. అదే కొంతవరకు పాడుచేసింది. కోటాకి లెక్కలోకొచ్చేది ఫారం: అంతర్జాతీయానికి ఫారం-1, జాతీయ స్థాయికి 2, యూనివర్సిటీకి 3, బడి ఆటలకి 4. దాంతో జనం ఆట చూసుకోవడం మానేసి, ఎక్కడ తక్కువ జట్లు వస్తాయో చూసుకుంటున్నారు. పేరు కూడా వినని ఆటకి "నేషనల్స్" జరుగుతాయి, అయిదారు రాష్ట్రాలు వస్తాయి, అందరికీ సర్టిఫికెట్లు. కబడ్డీలో నిజంగా జిల్లాకి ఆడిన పిల్లాడి చేతిలో ఏమీ ఉండదు. ఒక ఆటకి రెండు సంఘాలుంటే ఇంకా ఘోరం. ఏ సంఘం కాగితం చెల్లుతుందో కౌన్సెలింగ్ రోజున తెలుస్తుంది. పోటీకి వెళ్ళే ముందే ఆ సంఘానికి జాతీయ ఫెడరేషన్ గుర్తింపు, ఆ ఫెడరేషన్‌కి కేంద్రం గుర్తింపు ఉన్నాయా అని చూసుకోవాలి. తర్వాత ఏడిస్తే లాభం లేదు.

రెఫరీ_విజిల్
వయసు మోసం కూడా ఆ కాగితం నుంచే పుడుతుంది. అండర్-14లో మీసాలొచ్చిన వాడు కూతకి వస్తే, నిజంగా పదమూడేళ్ళున్న పిల్లాడు ఏం పట్టుకుంటాడు? మోకాలు పోగొట్టుకుని ఇంటికెళ్తాడు. క్రికెట్ బోర్డు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ-3 పద్ధతిలో ఎముక వయసు చూస్తుంది. మండలంలో అది కుదరదు. కుదిరేది ఇది: బడిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టర్ పేజీ ఫోటో అడగండి, పదో తరగతి ముందు కొత్తగా తీసిన జనన ధ్రువపత్రం కాదు. దాంతో పాటు ఎత్తు, బరువు రాసి పెట్టుకోండి. కబడ్డీకి ఎలాగూ బరువు పరిమితి ఉంది, తూకం అందరి ముందూ వెయ్యండి.

చార్మినార్_వింగర్
మీరందరూ ఇక్కడ ఎప్పుడూ ఆటలు లేనట్టే మాట్లాడుతున్నరు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీం 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా ఫుట్‌బాల్ నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్, రెండిట్లనూ ఆయనే. అప్పుడు దేశం ఇప్పటికన్న బీదది. మరి ఏమున్నది? బస్తీల మైదానాలు, స్థానిక లీగు, ఆడినోనికి పోలీసుల, డిపార్ట్‌మెంట్లల నౌకరి. 1963ల రహీం సాబ్ పోయిన్రు. తర్వాత మైదానాలు ఫంక్షన్ హాళ్ళు అయినయి, డిపార్ట్‌మెంట్ టీములు ఒక్కొక్కటి మూతపడ్డయి.

ఇప్పుడు మిజోరం చూడున్రి. 2011 లెక్కల ప్రకారం 11 లక్షల జనం. 2012ల సొంత ప్రీమియర్ లీగ్ మొదలువెట్టుకున్నరు, లోకల్ కేబుల్ టీవీల మ్యాచ్‌లు చూపెట్టిన్రు. అయిదేండ్లకు వాళ్ళ క్లబ్బు ఐజాల్ ఎఫ్‌సీ దేశస్థాయి ఐ-లీగ్ గెలిచింది. పెద్ద స్టేడియంతోని కాదు, ప్రతి వారం ఆటతోని.

పాలమూరు_పరుగు
హైదరాబాద్‌ల 2002 నేషనల్ గేమ్స్, 2003 ఆఫ్రో-ఆసియా గేమ్స్, 2007 మిలిటరీ వరల్డ్ గేమ్స్ అన్నీ అయినయి. అన్ని స్టేడియాలు కట్టినంక జిల్లాలల్ల ట్రాకు ఎక్కిన పిల్లలు ఎంతమంది పెరిగిన్రో అడుగున్రి. దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది, ఊరు వరంగల్ దిక్కు కల్లెడ. ఆమెను కనిపెట్టింది స్టేడియం కాదు, బడి మీట్ల చూసిన కండ్లు.

బెజవాడ_స్మాషర్
క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు, ఆడుదాం ఆంధ్రా అని పెట్టారు, ఏమైంది? మీ ప్రభుత్వం, మా ప్రభుత్వం అని...

మోడరేటర్
పార్టీల జోలికి వెళ్తే థ్రెడ్ మూసేస్తాను. కొలతలు, లెక్కలు కొనసాగించండి.

బెజవాడ_స్మాషర్
సరే మహాప్రభో. పార్టీ లేకుండా చెప్తా. ఇటు బోర్డూ రెండు స్తంభాలూ, అటు ఒక పండగ. రెండింట్లోనూ మరుసటి వారం మ్యాచ్ లేదు. రెఫరీ గారూ, ఈ పాయింటు మాత్రం మీకే ఇస్తున్నా.

గోదారి_గట్టు
అయితే ఒక మండలంలో శనివారం లీగ్ మొదలుపెట్టాలంటే ఏం కావాలో విడమరిచి చెప్పండి రెఫరీ గారూ. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగకుండా.

రెఫరీ_విజిల్
కబడ్డీతో మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ. నాలుగేసి బడుల గ్రూపులు, రవాణా తగ్గేలా దగ్గర దగ్గర ఊళ్ళవి. బడి పిల్లల మ్యాచ్ 15-5-15 నిమిషాలు, మార్పిడితో కలిపి 45 అనుకోండి. 24 మ్యాచ్‌లు రెండు కోర్టుల మీద అంటే కోర్టుకి 12, తొమ్మిది గంటలు. మూడు శనివారాలు, మధ్యాహ్నం మూడేసి గంటలు. నాలుగో శనివారం సెమీస్, ఫైనల్.

కోర్టు అబ్బాయిలకి 13×10, అమ్మాయిలకి 12×8 మీటర్లు. గీతలు ముగ్గు పిండితో అయిదు సెంటీమీటర్లు. ప్రతి మ్యాచ్‌కి రెఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరర్ ఒకరు. ఇక్కడే లీగ్‌లు చచ్చిపోతాయి, ఎందుకంటే అందరూ పీఈటీలే కావాలనుకుంటారు. ఆ సమయానికి ఆట లేని జట్టు పిల్లలకి స్కోరు షీటు నేర్పండి, రెండు మ్యాచ్‌లకి వచ్చేస్తుంది. రెండు జట్లకీ సంబంధం లేని బడి పీఈటీని రెఫరీగా పెట్టండి. లేకపోతే మొదటి శనివారమే కొట్లాట.

పాయింట్ల పట్టిక ప్రతి ఆదివారం పొద్దున్నే బడి గోడ మీద, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. గెలిచిన వాళ్ళ ఫోటో కాదు, నాలుగు జట్ల పట్టిక. ట్రోఫీకి డబ్బు పెట్టకండి, ఆ డబ్బుతో బస్సు చార్జీలు ఇవ్వండి. మూడో వారం రాని జట్లన్నీ చార్జీలు లేకే రావు.

పీఈటీ_సారు
ఒకటి చేర్చండి. జిల్లా పైన మ్యాట్ మీద ఆడిస్తారు, పిల్లలు మట్టిలో ఉత్తకాళ్ళతో నేర్చుకుంటారు. మ్యాట్ మీద కాలు మట్టిలోలా జారదు, పట్టేస్తుంది. ఒళ్ళు తిరుగుతుంది, మోకాలు తిరగదు, లిగమెంటు పోతుంది. మ్యాట్ కొనలేరు కాబట్టి కనీసం ఫైనల్‌కి వచ్చిన జట్లకి గమ్ సోల్ బూట్లు రెండు వారాల ముందే వేయించి, సిమెంటు వాకిలి మీద మలుపు తిరగడం, ఆగడం సాధన చేయించండి. అక్కడ పట్టుకోవడాలు, పడటాలు మాత్రం వద్దు.

మూడో_లేన్
వానొస్తే?

రెఫరీ_విజిల్
మొదటి సగం అయిపోతే ఆ స్కోరు రాసుకుని, మిగతా సగం బుధవారం బడి అయ్యాక. మొదటి సగం కాకపోతే మొత్తం మళ్ళీ. ఈ నియమం లీగ్ మొదలవక ముందే రాసి అన్ని బడుల చేతా సంతకం పెట్టించండి, తర్వాత అనుకుందాంలే అంటే ఓడుతున్న జట్టు మబ్బుని చూసి దణ్ణం పెడుతుంది.

నల్లరేగడి
వానకి ముందు రాత్రి కోర్టు మీద తార్పాలిన్ కప్పకండి, కింద ఆవిరి పట్టి మట్టి మెత్తబడుతుంది. కాలువలు పూడిక తీసి వదిలెయ్యండి. వాన వెలిశాక నీళ్ళు నిలిచిన చోట గోనెసంచీలు పరిచి పీల్పించి, పైన ఎండు ఎర్రమట్టి పల్చగా చల్లండి. ఇసుక చల్లితే కాళ్ళు జారతాయి.

గోదారి_గట్టు
మా దగ్గర ఏడు హైస్కూళ్ళు ఉన్నాయి. నాలుగు, మూడుగా రెండు గ్రూపులు చేస్తే మూడున్న గ్రూపులో జట్లకి రెండేసి మ్యాచ్‌లే వస్తాయి కదా?

లెక్కల_లక్ష్మి
గ్రూపులు వద్దు. ఏడు జట్లూ ఒకే లీగ్, 21 మ్యాచ్‌లు, జట్టుకి ఆరు. వారానికి మూడు మ్యాచ్‌లు, ఒక జట్టుకి విశ్రాంతి, ఏడు శనివారాలు. ఒక్క కోర్టు చాలు. విశ్రాంతి ఉన్న జట్టే ఆ వారం స్కోరర్లు. డ్రా కాగితం వేసి ఇక్కడే పెడతాను, బడుల పేర్లు పంపండి.